పసికందుకు ఏడుసార్లు, పెద్దవ్వకు ఎన్నిసార్లు?

ఆశ కార్యకర్త నెలాఖరున నింపే క్లెయిము కాగితంలో ఒక్కో పనికి ఒక్కో మొత్తం రాసి ఉంటుంది. గర్భిణిని కాన్పుకు దవాఖానకు తీసుకెళ్తే ఇంత, టీబీ రోగి చివరిదాకా మందులు మింగేలా చూస్తే ఇంత. ఆ వరసలో ఇంకా కిందికి వెళ్తే రెండు చిన్న అంకెలు కనిపిస్తాయి. ముప్పై ఏళ్లు దాటిన ఒక మనిషి ఆరోగ్య వివరాలు ఫారంలో నింపినందుకు 10 రూపాయలు. ఆ మనిషికి బీపీయో షుగరో ఉందని తేలి మందులు మొదలయ్యాక, మానకుండా వేసుకుంటున్నారా అని చూసుకున్నందుకు ఆరు నెలలకు 50 రూపాయలు. పల్లెలో వయసు మళ్లిన మనిషికీ సర్కారు వైద్యానికీ మధ్య ఉన్న దారి చాలావరకు ఈ రెండు అంకెల మీదే నడుస్తోంది.

జింగనూర్ లాంటి ఊళ్లో ఆ దారి ఎలా ఉంటుందో చూడటం అవసరం. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా, సిరోంచ తాలూకా. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట ఒక గట్టున సిరోంచ, ఎదుటి గట్టున కాళేశ్వరం. అక్కడి నుంచి అడవిలోపలికి పోతే జింగనూర్. ఇళ్లలో తెలుగు, మాడియా గోండి. బడిలోనూ కచేరీలోనూ మరాఠీ. 1982లో చంద్రపూర్ నుంచి విడదీసి గడ్చిరోలి జిల్లా చేశారు గానీ, సిరోంచ నుంచి ఆ జిల్లా కేంద్రం ఇప్పటికీ రెండు వందల కిలోమీటర్ల పైమాటే. గోదావరి మీద 2016లో వంతెన పడ్డాక ఈ ప్రాంతపు రోగికి భూపాలపల్లి, వరంగల్, కరీంనగర్ దగ్గరయ్యాయి. అంటే పేరు ఒక రాష్ట్రంలో నమోదు, వైద్యం ఇంకో రాష్ట్రంలో. పెద్దవాళ్ల నమోదు గురించి మాట్లాడేటప్పుడు ఈ ముక్క మరిచిపోకూడదు.

ముందు ఆ పది రూపాయల ఫారం. దీన్ని అందరూ సీబ్యాక్ అంటారు. ప్రతి ప్రశ్నకూ మార్కులుంటాయి. వయసు 60 దాటితే 4 మార్కులు. రోజూ పొగాకు వాడితే 2. రోజూ మందు తాగితే 1. నడుము కొలతకు కొన్ని, ఇంట్లో అమ్మానాన్నలకో తోబుట్టువులకో బీపీ, షుగర్, గుండెజబ్బు ఉంటే 2. వారానికి 150 నిమిషాలైనా ఒళ్లు వంచి పని చేయకపోతే 1. మొత్తం 4 దాటిందంటే ఆ మనిషిని వెంటనే పరీక్షకు పంపాలి.

గడ్చిరోలిలో ఈ లెక్క ఎటు తేలుతుందో ఊహించడం కష్టం కాదు. ఇక్కడ ఖర్రా అలవాటు ఎక్కువ. వక్క, తంబాకు, సున్నం కలిపి ప్లాస్టిక్ కాగితంలో రుద్ది నోట్లో పెట్టుకుంటారు. ఆడవాళ్లూ మగవాళ్లూ అందరూ. జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. 2016లో పొగాకు, సారా వాడకం తగ్గించడానికి ముక్తిపథ్ అనే కార్యక్రమం మొదలైంది. అయినా ఖర్రా పోలేదు. అరవై దాటిన మనిషి రోజూ ఖర్రా వేస్తే, వయసుకు నాలుగు, తంబాకుకు రెండు. ఇంకే ప్రశ్నా అడగక ముందే ఆరయ్యాయి. కాబట్టి ఊళ్లో ఖర్రా నమిలే ముసలివాళ్లంతా ఫారం ప్రకారం పరీక్షకు పోవాల్సినవాళ్లే.

ఆ ఫారంలో రెండో భాగం ఇంకా ముఖ్యమైనది. అరవై దాటినవాళ్లను ప్రత్యేకంగా అడగాల్సిన ప్రశ్నలు అక్కడ ఉంటాయి. వాటిని ఆశ కార్యకర్త కాగితం చూసి చదివితే పెద్దవాళ్లకు అర్థం కాదు. మనసులోనే ఇంటి భాషలోకి మార్చుకుని అడగాలి.

"అవ్వా, నిలబడ్డప్పుడు, నడిచేటప్పుడు తూలినట్టు అయితదా?"

"ఒక్కదానివే తానం చేస్తున్నవా, ఎవరన్న చెయ్యి పట్టాల్నా? బట్ట కట్టుకునుడు, బువ్వ తినుడు?"

"ఇంట్లోవాళ్ల పేర్లు యాదికి ఉంటున్నయా?"

మరో రెండు ప్రశ్నలు మనసుకు సంబంధించినవి. ఈ రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా పోయిందా, దిగులుగా ఉంటోందా అని. ఈ ప్రశ్నలన్నీ తీరిగ్గా, గౌరవంగా అడిగి, జవాబు కోసం ఆగి, నడుము చుట్టూ టేపు పెట్టి కొలిచి రాయాలంటే అర గంట సులువుగా పడుతుంది. వినికిడి తగ్గినవాళ్లయితే ఇంకా ఎక్కువ. దానికి పది రూపాయలు. తొందరలో ఉన్న మనిషి ఏం చేస్తుందో ఎవరైనా చెప్పగలరు. తెలిసిన ఇల్లే కదా, ఆమె సంగతి నాకు తెలియదా అని అన్ని గడుల్లోనూ 'లేదు' కొట్టుకుంటూ పోతుంది. తప్పు ఆమెది కాదు. మనం ఇచ్చే డబ్బు ఫారానికి. ఆ అవ్వ జవాబుకు కాదు.

ఇది మొదటి నమోదు మాత్రమే. దీని తర్వాత ఆభా ఉంది. పద్నాలుగు అంకెల ఆరోగ్య సంఖ్య. 2021 సెప్టెంబరులో కేంద్రం దేశమంతటికీ తెచ్చిన డిజిటల్ ఆరోగ్య పథకంలో భాగం. ఆ తర్వాత ఆయుష్మాన్ కార్డు. ఆపైన డెబ్బై దాటినవాళ్లకు వయ వందన కార్డు. ఒక్కో నమోదుకు ఆధార్, ఫోను, ఓటీపీ, లేదంటే వేలిముద్ర, కనుపాప, ముఖం. జీవితమంతా కట్టెలు కొట్టి, తునికాకు కట్టలు కట్టి, పొలం పని చేసిన చేతుల మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. యంత్రం మీద వేలు పెడితే ఎర్ర లైటే వెలుగుతుంది. ఓటీపీ కొడుకు ఫోనుకు పోతుంది, కొడుకు కూలికి ఇంకెక్కడో ఉంటాడు. అడవిలో సిగ్నల్ కోసం ఎత్తైన చోటుకు నడవాల్సి వస్తుంది. ఆధార్ తీసిన రోజున పుట్టినతేదీ తెలియక జనవరి 1 అని రాయించుకున్నవాళ్లు, వయసు అంచనాగా చెప్పినవాళ్లు పల్లెల్లో లెక్కలేనంత మంది. ఊరంతా డెబ్బై ఐదేళ్లని చెప్పే తాతకు ఆధార్‌లో అరవై ఎనిమిది ఉంటే, వయ వందనకు అరవై ఎనిమిదే లెక్క.

ఈ కార్డు గురించి ఇంటింటా తెలియాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన 2018 సెప్టెంబరు 23న రాంచీలో మొదలైంది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఆసుపత్రి ఖర్చు. 2024 అక్టోబరు 29 నుంచి డెబ్బై దాటిన అందరికీ, ఆదాయంతో పని లేకుండా, ఈ రక్షణ ఇచ్చారు. ఇంట్లో ఇప్పటికే ఆయుష్మాన్ కార్డు ఉంటే, డెబ్బై దాటినవాళ్ల కోసం అదనంగా ఇంకో 5 లక్షలు. దాన్ని చిన్నవాళ్లతో పంచుకోనక్కర్లేదు. ఒకే ఇంట్లో డెబ్బై దాటినవాళ్లు ఇద్దరుంటే ఆ ఇద్దరికీ కలిపి ఆ మొత్తం. పాత జబ్బు ఉందని ఆపరు, వేచి ఉండే కాలం లేదు. అయితే పాత కార్డు ఉంది కదా అని ఊరుకుంటే కుదరదు. ఈ అదనపు రక్షణ కోసం మళ్లీ పేరు నమోదు చేసుకుని, ఆధార్‌తో కేవైసీ పూర్తి చేయాలి. చాలా ఇళ్లు ఆగిపోయేది ఇక్కడే.

ఇక రెండో విషయం, ఇంకా పెద్దది. ఈ కార్డు మంచం మీద చేరితేనే పనిచేస్తుంది. ఆసుపత్రిలో చేరడానికి ముందు మూడు రోజులు, బయటకొచ్చాక పదిహేను రోజుల మందుల దాకా దాని పరిధి. బీపీ గోలీ, షుగర్ గోలీ రోజూ వేసుకునే అవ్వకు పదహారో రోజు నుంచి ఈ కార్డుతో సంబంధం లేదు. ఆ గోలీ ఉపకేంద్రం నుంచి రావాలి. అది రాకపోయినా, తెచ్చిచ్చే మనిషి లేకపోయినా, కొన్నాళ్లకు పక్షవాతం వస్తుంది. అప్పుడు కార్డు పనిచేస్తుంది! ఐదు లక్షల రక్షణ ఉన్న ఇంట్లో రోజు గోలీ లేకపోవడం మన ఆరోగ్య వ్యవస్థలో అతి ఖరీదైన లోపం.

మహారాష్ట్రలో దీనితో పాటు రాష్ట్ర పథకం కూడా ఉంది. 2012లో రాజీవ్ గాంధీ జీవన్‌దాయి పేరుతో మొదలై, 2017లో మహాత్మా జోతిరావు ఫులే జన ఆరోగ్య యోజన అయింది. 2024 నుంచి రాష్ట్రంలోని అన్ని కుటుంబాలకూ 5 లక్షల దాకా వర్తించేలా పెంచారు. గోదావరి అవతల ఆరోగ్యశ్రీ ఉంది, 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పుట్టింది, తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. జింగనూర్ మనిషికి ఆరోగ్యశ్రీ వర్తించదు. ఆయుష్మాన్ మాత్రం రాష్ట్రం దాటినా, పథకంలో నమోదైన ఆసుపత్రి ఏదైనా, చెల్లాలన్నది నియమం. అందువల్ల వరంగల్ వైపు చూసే సరిహద్దు ఊళ్లకు రాష్ట్రం కార్డు కంటే ఆయుష్మాన్, వయ వందన కార్డులే ఎక్కువ పనికొస్తాయి. జీపు ఎక్కే ముందు 14555కు ఫోన్ చేసి, ఏ ఆసుపత్రి ఏ జబ్బుకు నమోదై ఉందో కనుక్కోవడం మంచిది.

డబ్బు లెక్క ఆశ దగ్గర ఆగదు. 2018 ఏప్రిల్ 14న ఇంద్రావతి అవతల ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా జాంగ్లాలో ప్రధానమంత్రి దేశంలో మొదటి హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్‌ను ప్రారంభించారు. ఇప్పుడు వాటినే ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలు అంటున్నారు. కాన్పులు, టీకాలకే పరిమితమైన ఉపకేంద్రం పన్నెండు రకాల సేవలు ఇవ్వాలన్నది ఆలోచన. ఆ పన్నెండులో వృద్ధుల సంరక్షణ, నొప్పి తగ్గించే చివరిదశ సంరక్షణ (పాలియేటివ్) కూడా ఉన్నాయి. అక్కడ పనిచేసే సామాజిక ఆరోగ్య అధికారికి, అంటే ఊళ్లో సీహెచ్‌ఓ అని పిలిచే వ్యక్తికి, మార్గదర్శకాల ప్రకారం నెలకు 25,000 స్థిర జీతం, పనిని బట్టి 15,000 దాకా ప్రోత్సాహకం. ఉపకేంద్రం బృందం మొత్తానికి ఏడాదికి లక్ష రూపాయల దాకా ఇంకో ప్రోత్సాహకం. ఎంతమంది పేర్లు నమోదయ్యాయి, ఎంతమందికి పరీక్ష జరిగింది, ఎంతమంది మందుల మీద ఉన్నారు అన్నవి ఈ లెక్కల్లోకి వస్తాయి. పోర్టల్‌లో పడితేనే చేసినట్టు. సిగ్నల్ లేని ఊళ్లో నర్సమ్మ ముందు పుస్తకంలో రాసుకుని, తర్వాత సిగ్నల్ ఉన్న చోట కూర్చుని మళ్లీ ఎక్కిస్తుంది. అదే పని రెండుసార్లు, డబ్బు ఒక్కసారే.

ఆశ కార్యకర్తలకు 2018 నుంచి నెలకు 2,000 రూపాయల స్థిర మొత్తం ఉండేది. 2025లో కేంద్రం దాన్ని 3,500కు పెంచింది. మహారాష్ట్రలో ఆశలు సమ్మె చేశాక 2024 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం నెలకు 5,000 పెంచింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశలకు గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ప్రకటించింది. గౌరవం దక్కింది, కొంత డబ్బు పెరిగింది. కానీ ఏ పనికి ఎంత అనే చిట్టా మాత్రం పెద్దవాళ్ల వైపు పెద్దగా కదలలేదు.

కదలాలంటే ఏం చేయాలో వెతకడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. ఆ పాఠం గడ్చిరోలిలోనే పుట్టింది.

డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 1986లో ఈ జిల్లాకు వచ్చి సెర్చ్ అనే సంస్థ పెట్టారు. గడ్చిరోలి పట్నానికి దగ్గర్లో శోధగ్రామ్ వాళ్ల చోటు. అప్పట్లో ఇక్కడి పల్లెల్లో పుట్టిన పసిపిల్లల్లో చాలామంది మొదటి నెల దాటేవాళ్లు కాదు. దవాఖాన దూరం, దారి లేదు, తల్లిని పచ్చి బాలింతగా కదిలించరు. అందుకని వాళ్లు వైద్యాన్నే ఇంటికి పంపారు. ఊళ్లోని ఒక మహిళకు శిక్షణ ఇచ్చి, పుట్టిన బిడ్డ ఇంటికి చెప్పిన రోజుల్లో వెళ్లి బరువు చూడాలి, ఒళ్లు వెచ్చగా ఉందో లేదో చూడాలి, ఊపిరి లెక్కించాలి, జబ్బు గుర్తులుంటే మందు ఇవ్వాలి అని నేర్పారు. ఆ ఫలితాలు 1999 డిసెంబరులో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. పోల్చి చూసిన ఊళ్లతో లెక్కిస్తే నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి.

2011లో ఆ పద్ధతినే దేశమంతటా ఆశల చేతిలో పెట్టారు. దవాఖానలో కాన్పయితే ఆశ ఆరుసార్లు ఇంటికి వెళ్లాలి. 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో. ఇంట్లోనే కాన్పయితే మొదటి రోజు కూడా కలిపి ఏడుసార్లు. ప్రతిసారీ చూడాల్సినవి కార్డు మీద రాసి ఉంటాయి. షెడ్యూలు పూర్తయితే 250 రూపాయలు. 2018లో దీన్ని పొడిగించి, పిల్లలకు మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా ఐదుసార్లు వెళ్లమని, దానికి ఇంకో 250 అని చేర్చారు.

ఇందులో గమనించాల్సింది మొత్తం కాదు, దాన్ని దేనికి ముడిపెట్టారన్నది. పేరు నమోదుకు కాదు. తేదీలకు. ఫలానా రోజున ఆ గడప దాటి లోపలికి వెళ్లావా, చేతులు కడుక్కుని బిడ్డను పట్టుకున్నావా అన్నదానికి. జీవితానికి ఈ కొసన మన దేశం ఏడు పర్యటనలు లెక్కపెట్టి రాసుకుంది. ఆ కొసన ఆరు నెలలకు 50 రూపాయలతో సరిపెట్టింది. మంచం పట్టిన మనిషికీ పసికందుకీ కావాల్సినవి చాలావరకు ఒకటే. ఒళ్లు ఒత్తుకుపోయి పుండ్లు పడ్డాయా, నీళ్లు తాగుతున్నారా, బువ్వ దిగుతోందా, జ్వరం ఉందా. చూసే కళ్లు ఇంటికి రావాలి, తాము పోలేరు.

వృద్ధుల కోసం జాతీయ కార్యక్రమం లేదని కాదు. 2010-11లోనే మొదలైంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికోసారి వృద్ధుల క్లినిక్, జిల్లా ఆసుపత్రిలో పది పడకల వార్డు, ఉపకేంద్రం నుంచి మంచం పట్టినవాళ్ల ఇళ్లకు వెళ్లి చూడటం, చేతికర్రల వంటివి ఇవ్వడం అన్నీ అందులో ఉన్నాయి. ఆరోగ్య మందిరాల మార్గదర్శకాలు ఊళ్లోని పెద్దవాళ్లను మూడు రకాలుగా విడదీసి రాసుకోమంటాయి. తమంతట తాము తిరిగేవాళ్లు, ఒకరి సాయంతోనో కర్రతోనో కదిలేవాళ్లు, మంచం పట్టినవాళ్లు. ఆ జాబితా ఉన్న ఉపకేంద్రంలో సగం పని అయినట్టే. మిగతా సగం, పసికందుకున్నంత స్పష్టంగా, ఎవరు, ఏ రోజున, ఎన్నిసార్లు, ఎంతకు అని రాసిపెట్టడం. అది జరగలేదు.

ఇలా రాసిపెట్టిన దేశం ఒకటుంది. తెలుగువాళ్లు నర్సులుగా, డాక్టర్లుగా, వృద్ధుల సంరక్షకులుగా పనిచేస్తున్న ఆస్ట్రేలియా. అక్కడ వృద్ధాశ్రమాల్లో పరిస్థితి మీద రాయల్ కమిషన్ వేశారు. 2019లో ఇచ్చిన మధ్యంతర నివేదికకు 'నిర్లక్ష్యం' అనే అర్థం వచ్చే పేరే పెట్టింది ఆ కమిషన్. 2021 మార్చిలో తుది నివేదిక వచ్చింది. ఆశ్రమంలో ఉన్న పెద్దవాళ్లను చూడటానికి కుటుంబ వైద్యులు తగినంతగా రావడం లేదన్నది బయటపడిన లోపాల్లో ఒకటి. 2023 అక్టోబరులో మైమెడికేర్ అనే నమోదు తెచ్చారు. రోగి తన ఇష్టంతో ఒక క్లినిక్‌ను ఎంచుకుని, నా వైద్యం చూసుకునేది వీళ్లు అని పేరు రాయించుకుంటారు. 2024 జులై 1 నుంచి దాని మీద ప్రోత్సాహకం కట్టారు. ఆశ్రమంలో ఉండే రోగి ఆ క్లినిక్‌లో నమోదై ఉండాలి. ఏడాదిలో కనీసం పదిసార్లు సేవ అందాలి. అందులో రెండు ఆ మనిషికి ముందుచూపుతో సంరక్షణ ప్రణాళిక వేసేవి, ఎనిమిది మామూలు పర్యటనలు. మూడు నెలలకు రెండేసి, అవీ ఒకే నెలలో కాకుండా వేర్వేరు నెలల్లో. ఇవన్నీ నెరవేరితే రోగికి ఏడాదికి డాక్టరుకు 300 డాలర్లు, క్లినిక్‌కు 130 డాలర్లు. దూరప్రాంతాల్లో పనిచేసేవాళ్లకు ఇంకొంత ఎక్కువ. చూసిన ప్రతిసారీ వచ్చే ఫీజు దీనికి వేరు.

ఆ డాలర్లను మన రూపాయలతో పోల్చి బాధపడటంలో అర్థం లేదు. తీసుకోవాల్సింది నియమాల అల్లిక. మార్చి నెలాఖరున హడావుడిగా నాలుగుసార్లు వెళ్లి ఏడాది లెక్క పూర్తి చేయకుండా 'వేర్వేరు నెలల్లో' అన్న ఒక్క షరతు ఆపుతుంది. ఈ మనిషి ఎవరి బాధ్యత అన్న ప్రశ్నకు నమోదు ఒక పేరు చెబుతుంది. దూరం పోవాల్సినవాళ్లకు ఎక్కువ ఇవ్వాలన్న న్యాయం అందులో ఉంది. లోపం కూడా ఉంది. ఆశ్రమంలో లేకుండా సొంత ఇంట్లో మంచాన పడ్డవాళ్లకు ఈ ప్రోత్సాహకం వర్తించదు. జింగనూర్‌లో పెద్దవాళ్లంతా ఉండేది సొంత ఇళ్లలోనే. కాబట్టి అచ్చంగా తెచ్చుకోవడానికి వీలైనది కాదు.

ప్రోత్సాహకాలతో ఒక ప్రమాదం కూడా ఉందని బ్రిటన్ అనుభవం చెబుతుంది. 2004లో అక్కడ కుటుంబ వైద్యుల ఆదాయంలో కొంత భాగాన్ని పాయింట్లకు ముడిపెట్టారు. పాయింట్లున్న పనులు మెరుగుపడ్డాయి, పాయింట్లు లేని కొన్ని పనులు వెనకబడ్డాయని తర్వాతి పరిశోధనలు చూపించాయి. డబ్బు ఎటు చూపిస్తే చూపు అటు పోతుంది. అందుకే దాన్ని పేర్ల వైపు కాకుండా గడపల వైపు చూపించాలి.

తెలుగు రాష్ట్రాల్లో ప్రయత్నాలు జరగకపోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా లింగంగుంట్లలో ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమం మొదలుపెట్టారు. డాక్టరు 104 వాహనంలో నెలకు రెండుసార్లు ఊరికి వచ్చి, పొద్దున ఓపీ చూసి, మధ్యాహ్నం మంచం పట్టినవాళ్ల ఇళ్లకు వెళ్లాలన్నది దాని రూపం. తెలంగాణలో పాలియేటివ్ కేంద్రాల నుంచి 'ఆలన' వాహనాలు క్యాన్సర్ లాంటి జబ్బులతో ఇంట్లో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లే ఏర్పాటు ఉంది. కేరళలో 2008 నుంచే పాలియేటివ్ విధానం ఉంది. అక్కడ పంచాయతీలే ఇంటింటికీ నర్సును పంపుతాయి. మూడూ మూడు రకాలు. అయినా అన్నింటిలో ఒకే పని ఉంది. మనిషి దవాఖానకు రాలేనప్పుడు దవాఖానే ఇంటికి వెళ్లడం.

గడ్చిరోలి జిల్లా పరిషత్ దగ్గర నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చరిత్ర ఉంది. ఇక్కడి ఆశలకు బిడ్డ బరువు తూచడం, తేదీలు లెక్కపెట్టుకుని గడప ఎక్కడం కొత్త కాదు. అదే కార్డును పెద్దవాళ్లకు మార్చి రాయవచ్చు. మంచం పట్టినవాళ్లకు పదిహేను రోజులకోసారి, కర్రతో నడిచేవాళ్లకు నెలకోసారి, మిగతావాళ్లకు మూడు నెలలకోసారి. వెళ్లినప్పుడు చూడాల్సినవి ఐదారు, అన్నీ ఒక పేజీలో, మరాఠీతో పాటు తెలుగులోనూ మాడియాలోనూ. ఒక్కో పర్యటనకు విడిగా డబ్బు, అడవి ఊరికి ఎక్కువ. పుస్తకంలో రాసింది చాలు, సిగ్నల్ ఉన్నప్పుడు ఎక్కించవచ్చు, అందుకని క్లెయిము ఆగకూడదు. ఇందులో కొత్త భవనం లేదు, కొత్త ఉద్యోగం లేదు.

ఈలోగా ఇంట్లో పెద్దవాళ్లున్న కుటుంబాలు చేసుకోగలిగినవి ఉన్నాయి. డెబ్బై దాటినవాళ్ల ఆధార్‌లో వయసు ఎంత ఉందో ఈ రోజే చూడండి. తప్పుంటే సరిదిద్దించుకోవడానికి రుజువులు ముందే సమకూర్చుకోండి. పాత ఆయుష్మాన్ కార్డు ఉన్నా వయ వందన కోసం మళ్లీ కేవైసీ చేయించండి. వేలిముద్ర పడకపోతే ముఖం ద్వారానో కనుపాప ద్వారానో చేయమని అడగండి, ఆ వీలు ఉంది. ఆశ కార్యకర్త వచ్చి ఫారం నింపినప్పుడు పక్కన కూర్చుని, తూలడం, మతిమరుపు, దిగులు గురించి అడిగే ప్రశ్నలకు నిజమే చెప్పించండి. 'అంతా బాగే' అని పంపించేస్తే పరీక్షా లేదు, మందూ లేదు. బీపీ, షుగర్ తేలినవాళ్లకు ఆరు నెలల ఫాలోఅప్ ఎవరి పేర ఉందో కనుక్కోండి. అది ఆమెకు వచ్చే డబ్బు కూడా, అడగడంలో మొహమాటం వద్దు. మహారాష్ట్రలో అరవై ఐదు దాటి, ఆదాయం తక్కువున్నవాళ్లకు ముఖ్యమంత్రి వయోశ్రీ యోజన కింద కళ్లద్దాలు, వినికిడి యంత్రం, చేతికర్ర వంటి వాటికి ఒకసారి 3,000 రూపాయలు ఖాతాలో వేస్తారు. అదీ అడగండి. రాష్ట్ర ఆరోగ్య పథకం గురించి ఏ సందేహమైనా ఫోన్ నంబరు 155388.

ఇంకొకటి. ప్రతి ఊళ్లోనూ గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషణ సంఘం ఉంటుంది. దానికి ఏడాదికి 10,000 రూపాయల దాకా, ఫలానా పనికే అని ముడిపెట్టని నిధి వస్తుంది. దిక్కులేని ముసలివాళ్లను దవాఖానకు తీసుకెళ్లే జీపు కిరాయికి కూడా ఆ డబ్బు వాడుకోవచ్చు. ఈసారి గ్రామసభ కూర్చున్నప్పుడు ఆ నిధి లెక్క అడగండి. ఊళ్లో మంచం పట్టినవాళ్ల జాబితా అక్కడే గట్టిగా చదివించండి.